దృశ్యం నుంచి శ్రవ్యానికి: రెండు ‘దృశ్యం’ చిత్రాల తులనాత్మక పరిశీలన

ప్రవేశిక

కావ్యాన్ని దృశ్యమనీ శ్రవ్యమనీ రెండుగా విభజించడం భారతీయ ఆలంకారికుల సంప్రదాయం. కన్ను ప్రధానమైనది దృశ్యం. చెవి ప్రధానమైనది శ్రవ్యం. 2014 జూలైలో తెలుగులో విడుదలైన ‘దృశ్యం’, 2021 నవంబరులో వచ్చిన దాని కొనసాగింపు ‘దృశ్యం 2’ ఒకే కుటుంబం కథను, ఒకే నేరం కథను చెబుతాయి. రెండింటి నిర్మాణాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిది పేరుకు తగినట్టు కంటిని ఆశ్రయించిన కథ అనీ, రెండవది పేరు మార్చుకోకుండానే చెవిని ఆశ్రయించిన కథ అనీ తేలుతుంది. మొదటి చిత్రంలో నాయకుడు లోకానికి ఒక దృశ్యాన్ని చూపించి నేరాన్ని దాస్తాడు. రెండవ చిత్రంలో ఒక కథ చెప్పి దాస్తాడు.

ప్రశంసలు పొందిన చిత్రానికి కొనసాగింపు వచ్చినప్పుడల్లా ‘మొదటి దానంత బాగుందా?’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ‘దృశ్యం 2’ విషయంలో సాధారణంగా వినిపించే జవాబు ఇది: కథ తెలివైనదే, కానీ ముగింపును చూపించవలసిన చోట మాటల్లో చెప్పి ముగించారు, యాదృచ్ఛికతలు ఎక్కువయ్యాయి. ఈ అభిప్రాయంలో కొంత నిజం ఉంది. అయితే ‘చెప్పడం’ ఆ చిత్రానికి లోపమా, లేక స్వరూపమా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. ఆ చర్చ తరువాతగాని కొనసాగింపులోని అసలు లోటు ఎక్కడుందో కనిపించదు. ఈ వ్యాసం ఆ క్రమంలోనే సాగుతుంది. చిత్రాల కథలను పూర్తిగా చర్చించక తప్పదు కనుక ముగింపులను కూడా ఇక్కడ దాచడం లేదు.

రెండు చిత్రాల నేపథ్యం

మూలచిత్రం మలయాళం. జీతూ జోసెఫ్ రచన, దర్శకత్వంలో మోహన్‌లాల్ నాయకుడుగా 2013 డిసెంబరులో ‘దృశ్యం’ విడుదలైంది. ఆ కథ 2014లో కన్నడంలోకీ తెలుగులోకీ, 2015లో తమిళంలోకీ హిందీలోకీ, అనంతరం సింహళ, చైనా భాషల్లోకీ వెళ్లింది. తెలుగు రూపానికి శ్రీప్రియ దర్శకత్వం వహించారు. రాంబాబుగా వెంకటేష్, అతని భార్య జ్యోతిగా మీనా, కుమార్తెలు అంజు, అనులుగా కృతిక, ఎస్తర్, పోలీసు ఉన్నతాధికారిణి గీతా ప్రభాకర్‌గా నదియా, ఆమె భర్తగా నరేష్ నటించారు. కొనసాగింపు చిత్రం మలయాళంలో 2021 ఫిబ్రవరిలో, తెలుగులో అదే ఏడాది నవంబరులో వచ్చింది. ఈసారి తెలుగు రూపానికి కూడా జీతూ జోసెఫే దర్శకుడు. ప్రధాన నటవర్గం మారలేదు. పరిశోధనాధికారిగా సంపత్ రాజ్, సినీరచయితగా తనికెళ్ల భరణి కొత్తగా చేరారు.

విడుదలైన తీరులో ఒక భేదం గమనించదగినది. మొదటి చిత్రం థియేటర్లలో విడుదలైంది. రెండవది మలయాళంలోనూ తెలుగులోనూ నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. 2014లో తెలుగు ప్రేక్షకులలో అధికసంఖ్యాకులకు మలయాళ మూలం తెలియదు. 2021 నాటికి స్థితి వేరు. మలయాళ ‘దృశ్యం 2’ అప్పటికే తొమ్మిది నెలలుగా అదే వేదికపై అందుబాటులో ఉంది. కనుక తెలుగు ‘దృశ్యం 2’ చూసినవారిలో ఒక భాగానికి రహస్యం ముందే తెలుసు. రహస్యం మీదనే ఆధారపడిన కథకు ఇది ప్రమాదమనిపిస్తుంది. కానీ పద్యనాటకాన్నీ బుర్రకథనూ ఆదరించిన తెలుగు సమాజానికి తెలిసిన కథను మళ్లీ చూడడం కొత్త కాదు. ఏం జరుగుతుందో తెలిసిన ప్రేక్షకుడు ఎలా జరుగుతుందో చూస్తాడు. ఆ చూపుకు నిలవడమే నేరకథకు గట్టి పరీక్ష. ఈ పరీక్షకు రెండు చిత్రాలూ వేర్వేరు రీతులలో నిలుస్తాయి.

నేరస్థుడు నాయకుడైతే కొనసాగింపు ఎలా?

తెలుగులో నేరకథకు దీర్ఘమైన చరిత్ర ఉంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ వంటి పాత్రల వల్ల అపరాధ పరిశోధక నవల ఇంటింటా ప్రవేశించింది. పరిశోధకుడు నాయకుడైన కథకు కొనసాగింపు సహజంగా కుదురుతుంది. ఒక కేసు ముగిస్తే మరొక కేసు వస్తుంది. పాఠకుడికి పరిచయమైన మనిషి అలాగే ఉంటాడు. శైలేష్ కొలను ‘హిట్’ చిత్రాలు ఈ సూత్రాన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోయాయి. 2020 నాటి మొదటి కేసులో పరిశోధకుడు ఒకడు, 2022 నాటి రెండవ కేసులో మరొకడు. స్థిరంగా ఉన్నది పోలీసు విభాగం మాత్రమే. మరొక మార్గం ‘గాయం’ది. 1993లో రామ్‌గోపాల్‌వర్మ తీసిన ఆ చిత్రానికి 2010లో వేరొక దర్శకుడి చేతిలో కొనసాగింపు వచ్చినప్పుడు, గతాన్ని దాచుకుని దూరంగా బతుకుతున్న పాత నాయకుడి కథగా దాన్ని మలిచారు.

‘దృశ్యం’ ఈ రెండు మార్గాలలోనూ ఇమడదు. రాంబాబు పరిశోధకుడు కాదు; కనుక కొత్త కేసు రాదు. అతడు వృత్తి నేరస్థుడూ కాదు. కనుక కొత్త నేరమూ చేయడు. అతనికి ఉన్నది ఒకే నేరం. కొనసాగింపు రావాలంటే ఆ పూడ్చిన గోతి దగ్గరికే తిరిగి రావాలి. మొదటి చిత్రం మూసిన తలుపును రెండవ చిత్రం తెరవాలి. తెరిచి, మొదటి చిత్రం గౌరవం చెడకుండా మళ్లీ మూయాలి. ఇంత ఇరుకైన చోటులో రెండున్నర గంటల కథను నడపడం రచనాపరంగా కఠినమైన పని. ‘దృశ్యం 2’ను అంచనా వేసేటప్పుడు ఈ కాఠిన్యాన్ని గుర్తుంచుకోవాలి.

మొదటి చిత్రం: చూపు చేసిన నేరం, చూపు ఇచ్చిన రక్ష

మొదటి చిత్రంలో నేరానికి బీజం ఒక దృశ్యమే. ఐజీ కొడుకు వరుణ్, అంజు స్నానం చేస్తుండగా దొంగచాటుగా సెల్‌ఫోనులో చిత్రీకరించి, దానితో ఆమెను బెదిరిస్తాడు. తల్లి అడ్డు వచ్చినప్పుడు అతని మాటలు ఆమె మీదికి మళ్లుతాయి. ఆ పెనుగులాటలో అంజు కొట్టిన దెబ్బకు అతడు చనిపోతాడు. అంటే చిత్రం పేరుకు ఉన్న అర్థాలలో మొదటిదీ చీకటిదీ ఈ వీడియో. ఒక ఆడపిల్ల అనుమతి లేకుండా చూసిన చూపు ఒక ఇంటిని కూల్చబోయింది.

దానికి విరుగుడుగా తండ్రి ఉపయోగించినదీ చూపే. రాంబాబు పెద్దగా చదువుకోని కేబుల్ ఆపరేటర్. రాత్రులు కార్యాలయంలోనే గడుపుతూ ఏ భాషా చిత్రమైనా వదలకుండా చూస్తాడు. సీతాఫల్‌మండి, తార్నాక వంటి నగరపు పేటల నుంచి మారుమూల పల్లె దాకా ఒక తరం సినిమాను నేర్చుకున్నది ఇటువంటి కేబుల్ తీగల ద్వారానే. ఆ తరం ప్రేక్షకుడికి ప్రతినిధిగా రాంబాబును నిలపడంలో ఈ కథ బలం ఉంది. అతని వద్ద అధికారం లేదు, ధనం లేదు, చట్టం తెలిసిన బంధువులు లేరు. ఉన్నది చూసి నేర్చిన విద్య. ఏ ప్రశ్నకు సాక్షి ఎలా తడబడతాడో, పోలీసు ఎక్కడ వెదుకుతాడో అతడు తెరమీద చూశాడు.

అతడు అల్లిన వ్యూహంలో సూక్ష్మం ఏమిటంటే, దానిలో జరగని సంఘటన ఒక్కటీ లేదు. కుటుంబం ఊరు వెళ్లడం నిజం, బస్సు ఎక్కడం నిజం, బసచేయడం నిజం, భోజనం చేయడం నిజం, సినిమా చూడడం నిజం. తేదీ ఒక్కటే అబద్ధం. ఆ తేదీని అతడు సాక్షుల నోటిలో పెట్టలేదు. వారి కళ్ల ముందు కుటుంబాన్ని నిలిపి, తరువాత మాటల సందర్భంలో ఒకటికి రెండుసార్లు గుర్తుచేసి, వారి జ్ఞాపకంలో నాటాడు. అందుచేత సాక్షులు అబద్ధం చెప్పడం లేదు. తాము నిజమని నమ్మినదే చెబుతున్నారు.

ఇక్కడ సంస్కృత నాటకాలలో ఆనవాలు నిర్వహించే పాత్ర గుర్తుకు వస్తుంది. ‘అభిజ్ఞాన శాకుంతలం’లో ఉంగరం మరచిన నిజాన్ని రాజుకు గుర్తుచేస్తుంది. ‘ముద్రారాక్షసం’లో రాక్షసుడి ముద్రిక చాణక్యుడి చేతబడి, కూటలేఖకు ప్రామాణ్యం తెచ్చిపెడుతుంది. మొదటిదానిలో ఆనవాలు సత్యానికి సేవచేసింది, రెండవదానిలో వ్యూహానికి. రాంబాబు దాచిన బస్సు టిక్కెట్లు, భోజనశాల బిల్లు ఈ రెండవ కోవకు చెందినవి. అయితే చాణక్యుడి లేఖ కల్పితం, రాంబాబు టిక్కెట్లు అసలైనవి. అసలైన వస్తువులతో అసత్యాన్ని నిర్మించడం సినిమా కూర్పు పద్ధతి. రెండు వేర్వేరు సమయాలలో తీసిన ముక్కలను అతికితే ప్రేక్షకుడు వాటిని ఒకే సమయంగా గ్రహిస్తాడు. రాంబాబు చేసినది సరిగ్గా ఆ పనే. ఊరంతటినీ ప్రేక్షకులుగా కూర్చోబెట్టి వారికొక కూర్పు చూపించాడు.

ఈ చిత్రంలో మనకు, అంటే అసలు ప్రేక్షకులకు, దాదాపు అన్నీ తెలుసు. హత్య చూశాం, కారును నీటిలో ముంచడం చూశాం, వ్యూహం అల్లడం చూశాం. కనుక మన ఆదుర్దా ‘ఎవరు చేశారు’ అన్నదాని మీద లేదు. ‘దొరుకుతారా’ అన్నదాని మీద ఉంది. చిన్నపిల్ల అనును కొట్టి నిజం రాబట్టినప్పుడు మనం కూడా ఓడిపోయినట్టు అనిపించడానికి ఇదే కారణం. కానీ తవ్విన చోట జంతు కళేబరం బయటపడుతుంది. మనకు తెలుసని అనుకున్నదానిలో ఒక్క విషయం నాయకుడు మన నుంచి కూడా దాచాడని అప్పుడు తెలుస్తుంది. శవం కొత్తగా కడుతున్న పోలీసు స్టేషను నేల కింద ఉన్నదన్న సంగతి చివరి దృశ్యం చెబుతుంది. దాన్ని మాటలో చెప్పరు, చూపిస్తారు. ఆ స్థలం రాంబాబుకూ ప్రేక్షకుడికీ మాత్రమే తెలిసిన రహస్యంగా మిగిలిపోతుంది. రహస్యం పంచుకున్నవాడు సహచరుడవుతాడు. మొదటి చిత్రం ప్రేక్షకుణ్ణి నేరంలో భాగస్వామిగా ఇంటికి పంపుతుంది. దాని కీర్తికి ఇది ఒక ముఖ్య కారణం.

రెండవ చిత్రం: ఊరి కన్ను పోయి ఊరి నోరు వచ్చింది

కొన్నేళ్లు గడిచాయి. రాంబాబు ఇప్పుడు కేబుల్ ఆపరేటర్ కాదు, థియేటర్ యజమాని. ఒక సినిమా నిర్మించాలన్న కోరికతో రచయిత చుట్టూ తిరుగుతుంటాడు. చూసేవాడు కథ చెప్పేవాడు కాబోతున్నాడు. ఈ మార్పు జీవితంలో పైమెట్టు ఎక్కినందుకు సూచన మాత్రమే అనిపిస్తుంది మొదట. రెండవ చిత్రపు కథ అంతా ఈ మార్పులోనే ఇమిడి ఉన్నదని ముగింపులోగాని తెలియదు.

ఊరు కూడా మారింది. మొదటి చిత్రంలో ఊరు రాంబాబు పక్షాన నిలిచింది. కుటుంబాన్ని తమ కళ్లతో చూశామన్న సాక్షులు, కానిస్టేబుల్ దౌర్జన్యం ఎరిగిన ఇరుగుపొరుగు అతనికి రక్ష. రెండవ చిత్రంలో అదే ఊరు గుసగుసలాడుతుంది. చంపింది వాళ్లేనని, పిల్ల సంగతి మరేదో ఉందని, డబ్బు వచ్చాక మనిషి మారాడని కథలు అల్లుతుంది. చూసిన ఊరు సాక్షి; విన్న ఊరు వదంతి. వదంతికి రుజువు అక్కరలేదు కనుక దాన్ని రుజువుతో ఎదుర్కోవడం సాధ్యం కాదు. రాంబాబు మొదటి వ్యూహం న్యాయస్థానానికి చాలింది, వీధికి చాలలేదు.

ఇంటిలోపల కూడా భయం చెవి ద్వారానే ప్రవేశిస్తుంది. పోలీసుల అలికిడి వింటే అంజు వణికిపోతుంది. మనసులో మాట చెప్పుకోవడానికి మనిషి లేక జ్యోతి పక్కింటి స్త్రీకి దగ్గరవుతుంది. ఆ పక్కింటి దంపతులు మారువేషంలో ఉన్న పోలీసులు. ఇంటిలో రహస్యంగా అమర్చిన పరికరాలు మాటలను పట్టుకుంటాయి. మొదటి చిత్రంలో దొంగచాటుగా చిత్రీకరించిన వీడియో ఏ స్థానంలో ఉన్నదో, రెండవ చిత్రంలో దొంగచాటుగా విన్న సంభాషణ ఆ స్థానంలో ఉంది. అక్కడ నేరస్థుడైన కుర్రవాడు చేసినది ఇక్కడ చట్టం చేస్తుంది. ఈ సామ్యాన్ని చిత్రం ఎక్కడా ఎత్తిచూపదు, కానీ రెండు చిత్రాలను కలిపి చదివేవారికి ఇది తప్పక తగులుతుంది.

మొదటి చిత్రం చివరి దృశ్యాన్ని చూసిన మరొక వ్యక్తి ఉన్నాడన్నది కొనసాగింపులోని మూలకల్పన. తానే ఒక హత్యచేసి పారిపోతున్న మనిషి, ఆ రాత్రి కడుతున్న పోలీసు స్టేషను నుంచి రాంబాబు బయటికి రావడం చూస్తాడు. జైలునుంచి వచ్చిన తరువాత ఆ చూపును పోలీసులకు అమ్ముతాడు. ఇప్పటిదాకా ఆ రహస్యం మనకొక్కరికే తెలుసని అనుకున్నాం. మనతో పాటు మరొకడు చీకటిలో నిలబడి చూశాడు. ప్రేక్షకుడి గర్వాన్ని ఒక్క దెబ్బతో తుంచిన ఈ కల్పన, మొదటి చిత్రం గౌరవానికి భంగం కలిగించకుండానే దాని తలుపు తెరిచింది. కొనసాగింపు రచనలో ఇది శ్రేష్ఠమైన ఘట్టం.

దాచిన వ్యూహం, చెప్పిన ముగింపు

రెండవ చిత్రంలో ప్రేక్షకుడి స్థానం తారుమారవుతుంది. రాంబాబు ఏం చేస్తున్నాడో మనకు తెలియదు. అతడు తాగుతున్నాడని, సినిమా పిచ్చిలో ఆస్తి కరిగిస్తున్నాడని జ్యోతి బాధపడుతుంది. మనమూ ఆమెతోపాటు బాధపడతాం. పోలీసులకు ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు. అస్థిపంజరం బయటపడినప్పుడు, కుటుంబాన్ని కాపాడడానికి రాంబాబు నేరం ఒప్పుకున్నప్పుడు, కథ ముగిసిందనే అనుకుంటాం. అప్పుడు రచయిత పాత్ర వచ్చి నోరు విప్పుతుంది.

రాంబాబు ఒప్పుకోలు, రచయిత సహాయంతో అతడు ముందే ప్రచురించిన నవలలోని కథ ఒక్కటే. కనుక పోలీసులు ఆ నవలను చూసి కేసు అల్లారని ప్రతివాది న్యాయవాది వాదించడానికి వీలు చిక్కుతుంది. అస్థిపంజరానికి చేసిన డీఎన్‌ఏ పరీక్ష వరుణ్ తల్లిదండ్రులతో సరిపోలదు. ఎందుకు సరిపోలదో చెప్పేది రచయితే. తన సినిమాకు నవలలో లేని ఒక ముగింపును రాంబాబు అనుకున్నాడని, అందులో నాయకుడు శ్మశానంలో పనిచేసే వ్యక్తితో ఏళ్లతరబడి స్నేహం చేసి అదే వయసు యువకుడి అస్థికలను సంపాదించాడని, పరీక్షకు పోయే అస్థికలను కావలి మనిషి సాయంతో మార్చాడని అతడు చెప్పుకుంటూ పోతాడు. నిజం పోలీసుల చెవిన పడింది. కానీ అది ఒక సినిమా కథగా పడింది. కథను అరెస్టు చేసే చట్టం లేదు.

చూపించవలసినదాన్ని చెప్పారన్న విమర్శకు సమాధానం ఇక్కడ ఉంది. ఈ ముగింపును నేరుగా చూపించి ఉంటే అది మరొక తెలివైన నేరం అయ్యేది. చెప్పించడం వల్ల అది సాక్ష్యానికీ కథకూ మధ్య సరిహద్దును చెరిపిన సందర్భం అయింది. మొదటి చిత్రంలో రాంబాబు అబద్ధాన్ని నిజంగా చూపించాడు. రెండవ చిత్రంలో నిజాన్ని అబద్ధంగా చెప్పించాడు. రెండవది మొదటిదానికి తలకిందులు చేసిన రూపం. కనుక దృశ్యం శ్రవ్యంగా మారడం ఇక్కడ రచనా సౌలభ్యం కోసం జరిగినది కాదు. కథ తర్కమే దానిని కోరింది.

రహస్యం తెలిసి మళ్లీ చూసినప్పుడు ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. మొదటి సారి నిదానంగా సాగినట్టు అనిపించిన తొలి గంట, రెండవ సారి నిండుగా కనిపిస్తుంది. తాగుబోతు తిరుగుడుగా కనిపించినది శ్మశానం మనిషితో స్నేహం. సినిమా పిచ్చిగా కనిపించినది న్యాయస్థానానికి సిద్ధం చేసుకున్న వాదం. మొదటి చిత్రం మళ్లీ చూసినప్పుడు ఆదుర్దా తగ్గి మెచ్చుకోలు పెరుగుతుంది. రెండవ చిత్రం మళ్లీ చూసినప్పుడు భర్త పక్కన కూర్చుని అతడిని ఎరగని జ్యోతి మీద జాలి పెరుగుతుంది. ఆమెకు నిజం చెప్పకపోవడమే వ్యూహంలో భాగం. ఆమె నోరు జారుతుందని అతనికి తెలుసు. కుటుంబం కోసం ఇంత చేసిన మనిషి ఆ కుటుంబంలో ఒంటరి.

యాదృచ్ఛికతల గురించిన విమర్శ మాత్రం కొంతవరకు నిలుస్తుంది. మొదటి వ్యూహం ఒక సామాన్యుడి శక్తికి లోబడినది: కొన్ని టిక్కెట్లు, నలుగురు సాక్షులు, ఓర్పు. రెండవ వ్యూహం శవపరీక్షా కేంద్రం దాకా చేయి చాచుతుంది. ప్రతి ద్వారం దగ్గరా సమయానికి ఒక స్నేహితుడు ఉండాలి. మనలాంటివాడన్న భావన మొదటి చిత్రంలో రాంబాబుకు దక్కిన బలం. రెండవ చిత్రంలో అతడు మనకంటే చాలా పైవాడు అవుతాడు. ఆశ్చర్యం పెరిగింది, ఆత్మీయత తగ్గింది. అదే పాత్రలో వెంకటేష్ నటనలోని అలసట ఈ దూరాన్ని కొంత పూడుస్తుంది.

హరిశ్చంద్రుడి శ్మశానం, రాంబాబు శ్మశానం

శ్మశానంలో పనిచేసే మనిషి కథలోకి రాగానే తెలుగు ప్రేక్షకుడి స్మృతిలో మరొక శ్మశానం మెదలక మానదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’లో కాటిసీను తెలుగు నాటకరంగం మీద తరతరాలుగా నిలిచిన ఘట్టం. హరిశ్చంద్రుడు సత్యం కోసం భార్యనూ బిడ్డనూ వదులుకున్నాడు. రాంబాబు భార్యాబిడ్డల కోసం సత్యాన్ని వదులుకున్నాడు. హరిశ్చంద్రుడు కాటికాపరిగా, సొంత కొడుకు శవం ముందు కూడా ధర్మం తప్పడు. రాంబాబు శ్మశానం నుంచి పరాయి కొడుకు అస్థికలు తెచ్చుకుంటాడు. ఈ రెండు కథలూ ఒకే సమాజానికి ప్రియమైనవి కావడం ఆలోచించవలసిన విషయం. సత్యవ్రతాన్ని పూజించడం మానకుండానే, రాజ్యం తన వంటివాడికి న్యాయం చేయదన్న అనుభవం ఉన్న ప్రజలు రాంబాబును కూడా తమవాడిగా స్వీకరించారు. అధికారి కొడుకు చేసిన అకృత్యానికి పోలీసు స్టేషనులో న్యాయం దొరుకుతుందని రాంబాబు ఒక్క క్షణం కూడా అనుకోడు. ప్రేక్షకుడూ అనుకోడు. ఈ ఏకాభిప్రాయమే రెండు చిత్రాలకూ పునాది.

అయితే నేరకథ నైతికత బాధితుల పక్షం నుంచి కూడా పరీక్షకు నిలవాలి. మొదటి చిత్రం ఈ విషయంలో ధైర్యం చూపింది. గీతా ప్రభాకర్ అధికారిగా క్రూరంగా ప్రవర్తిస్తుంది; కానీ ఆమె కొడుకు కనిపించని తల్లి కూడా. ముగింపులో ఆ దంపతులు రాంబాబు ఎదుట నిలిచి అడిగినప్పుడు, అతడు నేరుగా చెప్పకుండా చెప్పే క్షమాపణలో ఇద్దరు తండ్రుల దుఃఖం కలుస్తుంది. రెండవ చిత్రం ఆ దుఃఖాన్ని తండ్రికి ఇచ్చి, తల్లికి కోపం మిగిల్చింది. కొడుకు అస్థికలైనా ఇస్తే కర్మ చేసుకుంటామని ప్రభాకర్ వేడుకోవడం ఆ చిత్రంలో మనసును పట్టే సన్నివేశం. గీత మాత్రం ప్రతీకారానికి పరిమితమైంది. పాత్రగా ఆమె మొదటి చిత్రంలో ఉన్నంత ఎత్తులో లేదు.

ముగింపులో రాంబాబు వరుణ్ చితాభస్మాన్ని తల్లిదండ్రులకు చేరుస్తాడు. కొనసాగింపులో మొదటిదాన్ని మించిన ఔదార్యం ఇదే అని చెప్పవచ్చు. మొదటి చిత్రం వారికి క్షమాపణ మాత్రమే ఇచ్చింది. రెండవది నిమజ్జనానికి అవకాశం ఇచ్చింది. శిక్ష ఎలాగూ ఉందన్న భావాన్ని పరిశోధనాధికారి నోట పలికించడం కూడా సందర్భోచితం: బతికినంతకాలం ఆ ఇంటికి భయమే శిక్ష.

కానీ ఈ సమాధానం వెనుక చిత్రం అడగని ప్రశ్న ఒకటి ఉంది. న్యాయస్థానంలో పరీక్షకు నిలిచిన ఆ అస్థికలు ఎవరివి? అదే వయసులో చనిపోయిన ఒక యువకుడివి. అతనికీ ఒక తల్లి ఉండి ఉండాలి. తన కొడుకు తాను విడిచిన చోటే ఉన్నాడని ఆమె నమ్ముతూ ఉండాలి. ఒక అధికారి కుటుంబానికి అస్థికలు చేర్చడం కోసం, ఒక సామాన్య కుటుంబాన్ని కాపాడడం కోసం, మరొక పేరులేని కుటుంబం మృతుణ్ణి పోగొట్టుకుంది. రాంబాబు అందరికీ లెక్క తీర్చాడు, ఆ ఒక్కరికి తప్ప. ఆ యువకుడికి చిత్రంలో ముఖం లేదు. అతని కోసం ఎవరూ కన్నీరు పెట్టరు. అతడు వ్యూహంలో ఒక వస్తువు.

మొదటి చిత్రం ఎందుకు గొప్పదో ఈ లోటు నుంచి వెనక్కి చూస్తే బోధపడుతుంది. అందులో రాంబాబు వాడుకున్న వారందరూ బతికి ఉన్నవారు. వారి నుంచి అతడు తీసుకున్నది ఒక తేదీ జ్ఞాపకం. అందులో చనిపోయినవాడు ఒక్కడే, అతని దుఃఖం తెరమీదే ఉంది. నేరానికి ఖరీదు ఎంతో ప్రేక్షకుడు కళ్లారా చూస్తాడు. రెండవ చిత్రంలో ఆ ఖరీదులో ఒక భాగం తెర వెలుపల, రచయిత చెప్పిన ఒక వాక్యంలో దాగిపోయింది. వాక్యంలో చెప్పినది చెవి దాటి పోయింది. కంటికి చూపించి ఉంటే, ఒక గోతి తెరవడం, అస్థికలు సంచిలోకి చేరడం చూసి ఉంటే, ప్రేక్షకుడు రాంబాబును అంత తేలికగా అభినందించగలిగేవాడు కాదు. శ్రవ్యాన్ని ఎంచుకోవడం కథ తర్కానికి అవసరమైనదే అయినా, దానివల్ల ఒక నైతిక సౌలభ్యం కూడా చిత్రానికి దక్కింది.

ఉపసంహారం

‘దృశ్యం 2’ మొదటి చిత్రాన్ని అనుకరించిన కొనసాగింపు కాదు. చూపు మీద నిర్మించిన కథను మాట మీద పునర్నిర్మించి, అబద్ధాన్ని నిజంగా చూపిన మనిషి చేతనే నిజాన్ని కథగా చెప్పించింది. ముగింపును చెప్పడం దాని లోపమన్న అభిప్రాయాన్ని ఈ పరిశీలన అంగీకరించదు. దాని అసలు లోటు వేరొక చోట ఉంది. మొదటి చిత్రం నాయకుడి విజయాన్ని చూపుతూనే దాని మూల్యాన్ని మన కళ్ల ముందు పెట్టింది. కొనసాగింపు ఆ విజయాన్ని రెట్టింపు చేసి, మూల్యంలో ఒక భాగాన్ని వినిపించీ వినిపించనట్టు దాటవేసింది.

తెలుగు నేరకథను అధ్యయనం చేసేవారు నాయకుడి తెలివిని లెక్కించడం దగ్గరే ఆగకుండా, ఆ తెలివికి ఎవరు ఎంత చెల్లించారో, చెల్లించినవారిలో ఎవరు తెరమీద కనిపించారో, ఎవరు కనిపించలేదో కూడా పరిశీలించవలసి ఉంది. ఆ కొలతతో చూస్తే కనిపించిన శవం కథకు మొదటి చిత్రం, కనిపించని శవం కథకు రెండవ చిత్రం ఉదాహరణలుగా నిలుస్తాయి. పేరులేని ఆ యువకుడి వైపు నుంచి ఈ కథను చెప్పే రచన ఇంకా రావలసి ఉంది.